స్ప్రింగుల సైకిలు కొనేముందు మీ దారిని చూడండి

జూన్ నెలలో బడి తెరిచిన రెండోరోజున ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె స్టాఫు రూము గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టారూ, ఒక సందేహం" అన్నది. పాఠంలో సందేహమేమో అనుకున్నాను. కాదు. వాళ్ళ నాన్న సైకిలు కొనిపెడతానన్నాడట. ముందు ఫోర్కులో స్ప్రింగులున్న గేర్ల సైకిలే కావాలని ఆ అమ్మాయి పట్టుదల. ఇక ప్రశ్నలు వరుసగా వచ్చాయి. "ఇరవయ్యొక్క గేర్లు చాలునా, ఇరవై నాలుగు వుండాలా? డిస్కు బ్రేకులు మంచివా, మామూలువి మంచివా? చక్రాలు ఇరవయ్యారు అంగుళాలవా, ఇరవయ్యేడున్నరవా, ఇరవై తొమ్మిదివా?"

"అవన్నీ తర్వాత చెబుతాను. మీ ఇంటి నుంచి బడికి దారి ఎలా వుంటుంది?" అని అడిగాను.

ఆ అమ్మాయి నావైపు వింతగా చూసి, "దారికేముంది మాస్టారూ, దారి దారిలాగే వుంటుంది" అన్నది.

పిల్లలూ! మీలో చాలామంది ఇదే జవాబు చెబుతారని నాకు తెలుసు. షాపులో సైకిలుకి అంటించిన కాగితాల మీద గేర్ల సంఖ్య వుంటుంది, చక్రం కొలత వుంటుంది. మీ దారి సంగతి ఏ కాగితం మీదా వుండదు. కాని సైకిలు ఎంచుకోవడమనే లెక్క దారితోనే మొదలవుతుందని నా అభిప్రాయం. ఇది నాకు పుస్తకాల వల్ల కలగలేదు. నేను చేసిన ఒక తప్పు వల్ల కలిగింది.

2016 లో మా బడిలో ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడుండేవాడు. తండ్రి తాపీ పనికి వెళ్ళేవాడు. ఇల్లు బడికి ఆరు కిలోమీటర్లు. ఇంటి ముందునుంచి బడి గేటు దాకా తారురోడ్డే. ఒక సాయంత్రం ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి, "తమరు సైన్సు మాస్టారు గదా, మావాడికి ఏ సైకిలు కొనమంటారు బాబూ?" అని అడిగాడు. ఆ వారమే నేను పై తరగతికి స్ప్రింగుల ప్రయోగం చేసి చూపించాను. ఆ వుత్సాహం ఇంకా దిగలేదు. "ముందు స్ప్రింగులున్న గేర్ల సైకిలు కొనండి. గతుకులన్నీ స్ప్రింగులే మింగేస్తాయి. గేర్లుంటే పిల్లవాడికి శ్రమే వుండదు" అని చెప్పేశాను. ఏ దారిన వస్తాడని అడగలేదు. ఎంత బరువున్నాడో చూడలేదు. చీటీ పాడగా వచ్చిన డబ్బుతో ఆయన ఆ సైకిలే కొన్నాడు.

మొదటి పదిరోజులూ బడి మొత్తం ఆ సైకిలు చుట్టూ తిరిగింది. దసరా సెలవుల నాటికి వాడు రోజూ ఆలస్యంగా, రొప్పుతూ రావడం మొదలుపెట్టాడు. తర్వాత వానల్లో ఒకనాడు సైకిలు పక్కకి పడి, వెనక గేర్లు మార్చే యంత్రం రాయికి తగిలి వంగిపోయింది. వాళ్ళ వూళ్ళో రిపేరు చేసే అతనికి పంచరు వెయ్యడం వచ్చు, చక్రం వంకర తియ్యడం వచ్చు. ఈ భాగం మాత్రం అతని దగ్గర లేదు. అది కావాలంటే విజయనగరం వెళ్ళాలి. తండ్రి ఒక రోజు కూలి మానుకుని వెళ్ళే వీలు దొరకలేదు. సైకిలు పశువుల పాకలో గోడకి ఆనుకుని వుండిపోయింది. ఆ నవంబరు హాజరుపట్టీ ఇప్పటికీ నా కళ్ళముందుంది. వాడి పేరుకెదురుగా పదకొండు గైర్హాజరులు.

అసలు ఈ కొండ సైకిళ్ళు ఎక్కడ, ఎందుకు పుట్టాయో తెలుసుకుంటే నా తప్పు మీకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మెరిన్ కౌంటీ అనే ప్రాంతం వుంది. అక్కడి టమల్‌పైస్ కొండ పరిసరాల్లో అన్నీ మట్టి దారులు. 1970 తర్వాత కొందరు కుర్రవాళ్ళు, 1930, 1940 దశకాల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళను చవగ్గా కొని, ఆ దారులమీద కిందికి దొర్లించడం సరదాగా పెట్టుకున్నారు. 1976 అక్టోబరు 21 న అక్కడ మొదటి పందెం జరిగింది. సుమారు మూడు కిలోమీటర్ల దారి. ఆ మూడు కిలోమీటర్లలో దిగే ఎత్తు దాదాపు 400 మీటర్లు! గ్యారీ ఫిషర్ అనే అతను ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు.

ఆ పందేనికి "రీప్యాక్" అని పేరు. ఎందుకో చెబుతాను, ఇందులో మంచి భౌతికశాస్త్రం వుంది. ఆ పాత సైకిళ్ళకు పెడలు వెనక్కి తొక్కితే వెనక ఇరుసులో పడే బ్రేకు వుండేది. మనిషీ సైకిలూ కలిసి 100 కిలోలనుకోండి. 400 మీటర్లు కిందికి దిగితే కోల్పోయే స్థితిజశక్తి ఎంత? 100 ని 9.8 తో, దాన్ని 400 తో గుణించండి. 3,92,000 జౌళ్ళు. పందెం ముగిసి సైకిలు ఆగేసరికి ఈ శక్తి దాదాపు అంతా వేడిగా మారి తీరాలి. గాలికీ టైర్లకూ పోయింది పోగా, మిగిలిందంతా ఆ చిన్న ఇరుసులోకే వెళుతుంది. లీటరుంపావు నీళ్ళను మామూలు వేడి నుంచి మరిగే దాకా తీసుకురావడానికి సుమారుగా ఆ 3,92,000 జౌళ్ళూ చాలు. ఇక లోపలున్న గ్రీజు ఏమవుతుంది? కాలి, పొగై పోతుంది. కిందికి వచ్చాక ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. మళ్ళీ కూరడమే రీప్యాక్. పేరు అలా వచ్చింది.

అక్కడి వారిలో ఒకడైన జో బ్రీజ్ 1977 లో ఇలాంటి దారుల కోసమే ప్రత్యేకంగా చట్రం తయారుచేశాడు. 1981 లో స్టంప్‌జంపర్ అనే పేరుతో కొండ సైకిలు పెద్దసంఖ్యలో తయారై అంగళ్ళకు వచ్చింది. ఇప్పుడు ఒక సంగతి గమనించండి. వీటిలో దేనికీ ఫోర్కులో స్ప్రింగు లేదు! రాక్‌షాక్స్ అనే సంస్థ గాలి, నూనె నింపిన ఫోర్కు తెచ్చింది 1989 ప్రాంతంలో. అంటే మొదటి పందెం తర్వాత పదమూడేళ్ళపాటు మనుషులు రాళ్ళమీద, వేళ్ళమీద, గోతులమీద స్ప్రింగుల్లేకుండానే తిరిగారు. వాళ్ళను కాపాడింది లావు టైర్లూ, మంచి బ్రేకులూ, చిన్న గేర్లూ, తమ మోచేతులూ మోకాళ్ళూ. స్ప్రింగు ఆఖరున వచ్చింది. మన షాపులో అదే అన్నిటికంటె ముందు కనిపిస్తుంది.

ముందు స్ప్రింగులుండి, వెనక ఏమీ లేకుండా చట్రం గట్టిగా వుండే సైకిలుని హార్డ్‌టెయిల్ అంటారు. గట్టి తోక అన్నమాట. మొదటిసారి కొనేవారికి అమ్మే కొండ సైకిళ్ళలో ఎక్కువ భాగం ఇవే. వెనక కూడా స్ప్రింగు పెట్టిన చవక సైకిళ్ళు కొన్ని వున్నాయి. వాటి గురించి ఒక్క వాక్యమే రాస్తాను: కొనకండి. మీరు తొక్కిన ప్రతిసారీ సీటు కింద స్ప్రింగు నొక్కుకుని మీ శ్రమలో కొంత తినేస్తుంది, బరువు పెరుగుతుంది, అరిగే కీళ్ళు పెరుగుతాయి.

హార్డ్‌టెయిళ్ళన్నీ ఒకటేనా? కాదు. చూడడానికి ఒకేలా వున్నా, తొక్కే తీరును బట్టి వాటి కొలతలు మారతాయి. ఎత్తుపల్లాల మట్టిదారిలో చాలాదూరం తొక్కేవారి కోసం చేసినది ఒక రకం. దీన్ని క్రాస్‌కంట్రీ అంటారు. 1996 లో అట్లాంటా ఒలింపిక్సులో మొదటిసారి చేర్చిన కొండ సైకిలు పందెం ఇదే. దీని ఫోర్కు ఓ 100 మిల్లీమీటర్లు మాత్రమే కుదించుకుంటుంది. బరువు తక్కువ. ఫోర్కు నేలతో చేసే కోణం 68 నుంచి 70 డిగ్రీలు, అంటే కొంచెం నిటారు. అందువల్ల హ్యాండిలు చురుగ్గా తిరుగుతుంది, ఎక్కుడు దారిలో ముందు చక్రం అటూ ఇటూ వూగదు.

రెండోది, రాళ్ళూ మెట్లూ వున్న అడవి బాటల్లో వేగంగా కిందికి దిగేవారిది. దీన్ని ట్రైల్ సైకిలంటారు. ఫోర్కు 120 నుంచి 140 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. కోణం 65 డిగ్రీల దగ్గరికి వాలుతుంది. ముందు చక్రం మనిషికి ఇంకా ముందుకు జరగడం వల్ల, దిగేటప్పుడు తలకిందులుగా పడే ప్రమాదం తగ్గుతుంది. హ్యాండిలు వెడల్పుగా వుంటుంది. ఆ సైకిలునే తారురోడ్డు మీద మెల్లగా ఎక్కించి చూడండి, ముందు చక్రం బద్ధకంగా పక్కలకి పోతూ వుంటుంది. మూడో రకం మట్టి గుట్టల మీంచి గెంతేవారిది. చిన్న చట్రం, కిందికి దించిన సీటు, గట్టి ఫోర్కు, చాలావాటికి గేర్లే వుండవు. దానిమీద కూర్చుని రెండు కిలోమీటర్లు తొక్కితే మోకాళ్ళు నొప్పెడతాయి. అది దాని లోపం కాదు, అది కూర్చోవడానికి చేసినది కాదు మరి.

ఇప్పుడు చెప్పండి. బడికి తారురోడ్డు మీద ఆరు కిలోమీటర్లు వచ్చే పిల్లవాడి తీరు ఈ మూడింటిలో ఏది? ఏదీ కాదు. మన దగ్గర తక్కువ ధరకు దొరికేది చాలావరకు మొదటి రకం పోలికలో చేసినదే. కాని దాని ఫోర్కు ఒలింపిక్సు ఫోర్కు కాదు. ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగుదాం.

స్ప్రింగు మీద ఎంత బలం వేస్తే అంత కుదించుకుంటుంది. బలం రెట్టింపైతే కుదింపు రెట్టింపు. ఇదే హుక్ సూత్రం. మంచి ఫోర్కు మీద మనిషి కదలకుండా కూర్చుంటే, అది మొత్తం కదలికలో అయిదో వంతో, నాలుగో వంతో దిగాలి. అప్పుడే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికీ, రాయి వచ్చినప్పుడు పైకీ కదలగలుగుతుంది. ఖరీదైన ఫోర్కులో స్ప్రింగు బదులు గాలి వుంటుంది. మీ బరువుకు తగ్గట్టు పంపుతో గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చవక ఫోర్కులో వుండేది ఒకే ఇనుప స్ప్రింగు. కొనేవాడు 75 కిలోల పెద్దమనిషి కావచ్చు, 35 కిలోల పిల్లవాడు కావచ్చు, స్ప్రింగు అదే. పెద్దమనిషికి 20 మిల్లీమీటర్లు దిగేది పిల్లవాడికి 9 మిల్లీమీటర్లు దిగాలి. తయారీలోనే స్ప్రింగుని కొంత నొక్కి బిగిస్తారు, గొట్టాల మధ్య ఘర్షణ కూడా వుంటుంది. కనుక ఆ 9 కూడా రావు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఫోర్కు లోపలి గొట్టం బయటి గొట్టంలోకి దిగేచోట, లోపలి గొట్టానికి ఒక సన్నని రబ్బరు బ్యాండు చుట్టి, కిందికి ఆనేలా జరపండి. ఒక స్నేహితుణ్ణి సైకిలు పట్టుకోమని, మీరు మెల్లగా ఎక్కి కూర్చుని, కుదుపు లేకుండా దిగండి. రబ్బరు బ్యాండు ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవండి. ఆ కుర్రవాడి సైకిలుతో నేను ఈ పని ఎప్పుడు చేశానో తెలుసా? కొన్న తర్వాత అయిదు నెలలకి! వాడు 34 కిలోలు. రబ్బరు బ్యాండు జరిగింది 5 మిల్లీమీటర్లు. వాడి పాలిట ఆ ఫోర్కు స్ప్రింగు కాదు, మోసుకు తిరిగే ఇనుము.

ఇంకొక పరీక్ష. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలుని బలంగా కిందికి నొక్కి, చటుక్కున వదలండి. ఫోర్కు ఒక్కసారి పైకి లేచి నిలిచిపోతే లోపల నూనె వుండి, కదలికను అణుస్తున్నదన్నమాట. వీటినే పై తరగతుల్లో అవరుద్ధ డోలనాలంటారు. టప్పున పైకి తన్ని మళ్ళీ వూగితే లోపల వుత్త స్ప్రింగే వుంది. స్ప్రింగు గతుకుని మింగదు పిల్లలూ. నేను ఆ తండ్రితో అన్నమాట శాస్త్రప్రకారం కూడా తప్పే. స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. మింగేది నూనె.

మరి మనలాంటి వాళ్ళని గతుకుల నుంచి కాపాడేదేమిటి? టైరు. 1888 లో డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నది ఇందుకే గదా. వెనక చక్రం మీద 30 కిలోల భారం పడుతున్నదనుకోండి. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకి 2 కిలోలు వుంటే, నేలని తాకే భాగం సుమారు 15 చదరపు సెంటీమీటర్లు. పీడనం 3 కిలోలకి పెంచితే 10 చదరపు సెంటీమీటర్లు చాలు. మెత్తని మట్టిలో, ఇసుకలో మొదటిది మేలు, చక్రం దిగబడదు. తారు మీద రెండోది మేలు; టైరు తక్కువగా నలుగుతుంది కనుక తక్కువ శ్రమ. ఖర్చు ఏమీ లేదు, పంపు వుంటే చాలు. కొండ సైకిలు టైరుకి పెద్దపెద్ద రబ్బరు బొడిపెలుంటాయి. మట్టిలో అవి గోళ్ళలా పట్టుకుంటాయి. తారు మీద పట్టుకోవడానికి ఏమీ లేక, ప్రతి బొడిపె వంగి లేస్తూ "గుయ్" మని మోగుతుంది. ఆ మోతకు ఖర్చయ్యే శక్తి మీ కాళ్ళదే. ఒక వాలులో తొక్కకుండా సైకిలుని వదిలి ఎంతదూరం వెళ్ళి ఆగుతుందో కొలవండి. తర్వాత టైరు పక్కన అచ్చువేసిన హద్దు దాటకుండా గాలి పెంచి, అదే చోటు నుంచి మళ్ళీ వదలండి. రెండు దూరాలూ నోటు పుస్తకంలో రాసుకోండి. బండ్లు తిరిగే రోడ్డు మీద ఈ ప్రయోగం వద్దు.

గేర్ల సంగతికి వద్దాం. షాపువాళ్ళు 21 అంటే మీ కళ్ళు పెద్దవవుతాయి. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు, మూడేళ్ళు ఇరవయ్యొకటి. ఇలాంటి సైకిలు ఒకదానికి నేను పళ్ళు లెక్కపెట్టాను. ముందు 42, 34, 24. వెనక 14, 16, 18, 20, 22, 24, 28. ముందు సంఖ్యని వెనక సంఖ్యతో భాగిస్తే, ఒకసారి పెడలు తిప్పితే చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో వస్తుంది. 42 ని 28 తో భాగించండి, ఒకటిన్నర. 24 ని 16 తో భాగించండి, అదీ ఒకటిన్నరే! 34 ని 22 తో భాగిస్తే ఒకటిన్నరకి కాస్త ఎక్కువ. మూడు గేర్లని చెప్పి అమ్మినవి నిజానికి ఒకటే. మొత్తం 21 భాగహారాలూ చేసి చూస్తే నిజంగా వేరువేరుగా వుండేవి పన్నెండో పదమూడో. కనుక గేర్లెన్ని అని అడగడం కంటె, అన్నిటికంటె చిన్న గేరు ఎంత అని అడగడం తెలివి.

మా ఇంట్లో పాత నల్ల సైకిలు వుంది. ముందు 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు అయిదున్నర మీటర్లు వెళుతుంది. ఈ గేర్ల సైకిలు, 26 అంగుళాల చక్రంతో, అన్నిటికంటె చిన్న గేరులో ఒక చుట్టుకి మీటరుముప్పావు మాత్రమే వెళుతుంది. దూరం మూడో వంతైంది కనుక పెడలు మీద వెయ్యవలసిన బలం కూడా దాదాపు మూడో వంతు అవుతుంది. చెయ్యవలసిన పని తగ్గిందా? లేదు. మూడు రెట్లు ఎక్కువసార్లు తొక్కాలి. గేర్లుంటే శ్రమే వుండదని నేనన్నది రెండో తప్పు. శ్రమ అంతే వుంటుంది, దాన్ని చిన్నచిన్న ముద్దలుగా చేసుకుని తినవచ్చు, అంతే. కాని ఆ సౌకర్యం తక్కువది కాదు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు చూడండి. పాత నల్ల సైకిలుతో అక్కడ దిగి నడిపించుకు పోవడమే గతి. చిన్న గేరు వుంటే కూర్చునే ఎక్కవచ్చు. అది తారురోడ్డే కనుక అక్కడ స్ప్రింగులతో పనిలేదు. కొండ అనగానే స్ప్రింగు అనుకోకూడదని చెప్పడానికి ఇంతకంటె మంచి వుదాహరణ నాకు దొరకలేదు.

చక్రాల కొలత గురించి పెద్దవాళ్ళే పోట్లాడుకుంటారు. పెద్ద చక్రం రాయిని సులువుగా ఎక్కుతుందన్నది నిజమే. 6 సెంటీమీటర్ల మెట్టు వుందనుకుందాం. 26 అంగుళాల చక్రాన్ని దానిమీదికి ఎక్కించడానికి ఎంత బలంతో తొయ్యాలో లెక్కవేస్తే, 29 అంగుళాల చక్రానికి అందులో ఓ ఏడు శాతం తగ్గుతుంది. అంతే. ఆ ఏడు శాతం కోసం, కాలు నేలకి అందని సైకిలు కొనుక్కోవడం నాకు నచ్చదు. చట్రం మీద కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి, రెండు పాదాలూ నేలకి ఆనించి నిలబడండి. కడ్డీకీ మీకూ మధ్య నాలుగు వేళ్ళ సందు లేకపోతే ఆ సైకిలు మీది కాదు. వచ్చే ఏడు ఎదుగుతాడులే అని పెద్దవాళ్ళంటారు. చొక్కా విషయంలో అనవచ్చు గాని, బ్రేకులున్న వస్తువు విషయంలో అనకూడదు.

ఇక బ్రేకులు. రిమ్ముని పట్టుకునే బ్రేకు పొడిగా వున్నప్పుడు చాలా బాగా పనిచేస్తుంది, దాన్ని ఏ పల్లెలోనైనా బాగుచేస్తారు. తడిస్తే మాత్రం, రిమ్ము మీది నీరూ బురదా తుడుచుకుపోయేదాకా చక్రం రెండు మూడు చుట్లు తిరిగిపోతుంది. ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. గెడ్డ దాటి వెంటనే పల్లంలోకి దిగేవాడికి ఆ రెండు చుట్లే ప్రాణం మీదికి తెస్తాయి. డిస్కు ఇరుసు దగ్గర వుంటుంది కనుక బురదకి దూరం. అలా అని తారురోడ్డు పిల్లవాడికి డిస్కు అక్కరలేదు. చవక డిస్కుకి తీగ సరిచెయ్యడం తరచుగా వుంటుంది, వంగితే రాసుకుంటుంది.

ఇంతకీ ఆ కుర్రవాడి సైకిలు ఏమైందనుకున్నారు? డిసెంబరులో ఒక ఆదివారం నేను వాళ్ళ వూరు వెళ్ళాను. రిపేరు చేసే అతనూ నేనూ కలిసి, వంగిపోయిన గేర్ల యంత్రాన్ని పూర్తిగా విప్పేశాం. గొలుసు కత్తిరించి, ముందు 34, వెనక 16 పళ్ళ మీద పడేలా బిగించాం. చక్రం వెనక్కి జరిపే చీలిక చట్రంలో వుండబట్టి గొలుసు బిగువుగా కూర్చున్నది. విజయనగరంలో నున్నని టైర్లు రెండు ముందే కొని తీసుకువెళ్ళాను. అవి నా డబ్బే, అది న్యాయం కూడా. ఇరవయ్యొక్క గేర్ల కొండ సైకిలు ఒక్క గేరు సైకిలయింది. ఫోర్కు మార్చే డబ్బు మా ఇద్దరి దగ్గరా లేదు కనుక ఆ ఇనుము అలాగే వుండిపోయింది. తండ్రి పాకలో నిలబడి చూస్తూ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. కుర్రవాడు పదో తరగతి అయ్యేదాకా దానిమీదే వచ్చాడు.

సరే, మా ఎనిమిదో తరగతి అమ్మాయి దగ్గరికి వద్దాం. మర్నాడు దారి బొమ్మ గీసి తెమ్మన్నాను. చక్కగా గీసి తెచ్చింది. వాళ్ళ వూరు కొండ కింద. మొదటి కిలోమీటరున్నర రాళ్ళు తేలిన మట్టి దారి, మధ్యలో గెడ్డ. గెడ్డలోకి నిటారు దిగుడు, మళ్ళీ ఎక్కుడు. ఆ తర్వాత రెండున్నర కిలోమీటర్లు తారు. ఇంటి దగ్గర గాలి పంపు వుంది. అమ్మాయి బరువు 38 కిలోలు.

ఈ దారికి హార్డ్‌టెయిల్ తగదని నేననను. గెడ్డ ఎక్కడానికి చిన్న గేరు కావాలి, దిగడానికి డిస్కు బ్రేకు కావాలి, రాళ్ళకి లావు టైరు కావాలి. ఈ మూడూ వుండి, ఫోర్కులో స్ప్రింగు లేని సైకిలు దొరికితే అదే మొదట కొనమంటాను. అలాంటివి దుకాణాల్లో తక్కువగానే కనిపిస్తాయి. దొరక్కపోతే స్ప్రింగు వున్నదే, కాని బరువు తక్కువదీ, ఫోర్కుని కదలకుండా బిగించే మీట వున్నదీ తీసుకోవాలి. తారు మీద మీట బిగించుకోవచ్చు. టైరు మరీ బొడిపెలది కాకుండా, మధ్యలో కొంచెం నున్నగా, అంచుల్లో బొడిపెలతో వున్నదైతే మేలు. గేర్ల యంత్రం వంగితే వెయ్యడానికి, అది వేలాడే చిన్న లోహపు బిళ్ళ ఒకటి అదనంగా ఆ రోజే కొని ఇంట్లో పెట్టుకోవాలి. అది ఏ సైకిలుకి ఆ సైకిలుదే సరిపోతుంది. ఆ బిళ్ళ విడిగా దొరకదని షాపులో అంటే, ఎంత బాగున్నా ఆ సైకిలు వద్దు.

"అయితే ఇరవై నాలుగు గేర్లు అక్కరలేదా మాస్టారూ?" అని అడిగింది అమ్మాయి.

పళ్ళు లెక్కపెట్టి చూద్దామన్నాను. వచ్చే ఆదివారం వాళ్ళ నాన్నా, ఆ అమ్మాయీ, నేనూ విజయనగరం వెళుతున్నాం. ప్రయోగశాల నుంచి కొక్కెం త్రాసూ, కొలిచే టేపూ సంచిలో పెట్టుకున్నాను. రబ్బరు బ్యాండు తనే తెస్తానన్నది.